జన్మాంతర స్మృతి: కళాపూర్ణోదయంలోని మణి, విజ్ఞానశాస్త్రపు ప్రశ్న

పింగళి సూరన కళాపూర్ణోదయంలో పసిపాప మధురలాలస మెడలో ఒక హారం పడుతుంది. అందులోని మణి వక్షాన్ని తాకగానే, మాటలు రాని ఆ శిశువు తన పూర్వజన్మ వృత్తాంతాన్ని చెప్పనారంభిస్తుంది. ద్వారకలో కలభాషిణి అనే గణికగా తాను బతికిన బతుకు, కళాపూర్ణుడు మణికంధరుడనే గంధర్వుడిగా గడిపిన జన్మ, రెండూ ఆమె నోటనే వెలువడతాయి. కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారము మొదలుకొని ఈ కావ్యంపై వచ్చిన విమర్శ కథాకల్పనకు, కథనశిల్పానికి పెద్దపీట వేసింది. జన్మాంతరాన్ని మాత్రం పురాణాలనుంచి సంక్రమించిన కథాసామగ్రిగా స్వీకరించి దాటిపోవడం పరిపాటి అయింది. ఈ వ్యాసం ఆ మణి దగ్గర ఆగుతుంది. మరణానంతర జీవనం విజ్ఞానశాస్త్రంతో పొసగుతుందా అనే ప్రశ్నలో అసలు చిక్కు ఎక్కడున్నదో ఆ మణి చూపుతున్నదని ఇక్కడి ప్రతిపాదన.

ముందుగా ఒక ప్రచలిత వాదాన్ని పక్కకు తొలగించవలసి ఉంది. శక్తికి నాశనం లేదని భౌతికశాస్త్రం చెబుతున్నది, ఆత్మ కూడా శక్తే, కనుక ఆత్మకు నాశనం లేదన్నది ఆ వాదం. సభల్లోనూ, పీఠికల్లోనూ, అప్పుడప్పుడు మన పరిశోధన వ్యాసాల్లోనూ ఇది వినిపిస్తుంది. శక్తినిత్యత్వ నియమం పరిమాణానికి సంబంధించిన నియమం. ఒక వ్యవస్థలోని మొత్తం శక్తి మారదని అది చెబుతుందే కాని, ఆ శక్తి ధరించిన రూపం నిలుస్తుందని చెప్పదు. చితిపై దేహం దగ్ధమైనప్పుడు అందులోని రసాయనశక్తి వేడిగా, వెలుగుగా పరిసరాల్లో కలిసిపోతుంది. లెక్క సరిపోతుంది, మనిషి మాత్రం ఆ లెక్కలో కనిపించడు. దీపం ఆరినప్పుడు కూడా శక్తి నశించదు. అంతమాత్రాన ఆ దీపమే మరోచోట వెలుగుతున్నదని ఎవరూ అనరు. ఈ వాదం శాస్త్రాన్ని ఆశ్రయించినట్టు కనిపించినా, నిజానికి శాస్త్రం నుంచి ఒక పదాన్ని మాత్రమే అరువు తెచ్చుకుంది.

ప్రాచీనులు ఇంత తేలికగా తృప్తిపడలేదు. గౌతముడి న్యాయసూత్రాల తృతీయాధ్యాయంలో ఆత్మ నిత్యత్వాన్ని స్థాపించే సందర్భంలో వచ్చే చర్చ చూడదగింది. అప్పుడే పుట్టిన శిశువు స్తన్యాన్ని అభిలషిస్తుంది. ఆహారాభిలాష పూర్వాభ్యాసం వల్ల కలిగేది. ఈ జన్మలో అభ్యాసం లేదు కనుక అది పూర్వజన్మలోనిదై ఉండాలని సిద్ధాంతి వాదిస్తాడు. పూర్వపక్షి ఊరుకోడు. ఇనుము అయస్కాంతం వైపు కదలడానికి ఏ పూర్వాభ్యాసం కావాలని అడుగుతాడు. శిశువు ముఖంలోని హర్షశోకాలు కూడా పద్మం వికసించి ముకుళించడం వంటి వికారాలేనంటాడు. పద్మవికారాలకు ఎండ, చలి, వాన వంటి నియతకారణాలు ఉన్నాయని, ఇనుము సైతం అయస్కాంతాన్నే చేరుతుంది కాని మరొకదాన్ని కాదని సిద్ధాంతి సమాధానం. శిశుప్రవృత్తికీ అలాంటి నియతకారణం కావాలి. అది పూర్వాభ్యాసమే అని అతడి నిశ్చయం.

ఈ వాదంలో విలువైనది నిగమనం కాదు, ప్రశ్నను నిలిపిన తీరు. కనిపించే ప్రవృత్తికి కారణం చూపాలన్న నియమాన్ని ఉభయపక్షాలూ అంగీకరించాయి. దృష్టాంతాన్ని దృష్టాంతంతో ఎదుర్కొన్నాయి. అందుకే ఈ వాదానికి ఇవాళ శాస్త్రీయమైన జవాబు చెప్పడం సాధ్యమవుతున్నది. గర్భస్థ శిశువు బొటనవేలు చప్పరించడాన్ని అల్ట్రాసౌండ్ చిత్రాల్లో చూడవచ్చు. చప్పరించే ప్రతిచర్య క్షీరదాల పరిణామంలో స్థిరపడి వంశపారంపర్యంగా సంక్రమించిందని జీవశాస్త్రం వివరిస్తుంది. అంటే పూర్వజీవితాల ముద్ర శిశువులో ఉన్న మాట నిజమే. అయితే అవి అతడి పూర్వజీవితాలు కావు, అతడి పూర్వీకుల జీవితాలు. నైయాయికుడు కారణాన్ని వెదకిన దిశ సరైనదే కాని, దాని ఆశ్రయాన్ని ఆత్మలో చూశాడు. జీవశాస్త్రం వంశంలో చూసింది.

ఆశ్రయం అన్న మాట ఇక్కడ కీలకం. న్యాయమతంలో సంస్కారం ఆత్మనిష్ఠమైన గుణం. దేహం పోయినా సంస్కారం నిలవడానికి అదే ఆధారం. ఇరవయ్యో శతాబ్దపు నాడీశాస్త్రం సరిగ్గా ఈ ఆధారాన్నే ప్రశ్నించింది. 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి విలియం స్కోవిల్ అనే వైద్యుడు శస్త్రచికిత్స చేసి, మెదడులోని హిప్పోకాంపస్ భాగాన్ని ఇరువైపులా చాలావరకు తొలగించాడు. మోలైసన్ తెలివికి లోపం రాలేదు, మాటకు లోపం రాలేదు. కొత్త అనుభవం మాత్రం అతడిలో జ్ఞాపకంగా నిలవడం మానేసింది. 2008లో మరణించేదాకా ఆ స్థితి కొనసాగింది. మెదడులో కొద్దిభాగం పోతేనే బతికున్న మనిషిలో స్మృతి నిలవనప్పుడు, మెదడంతా భస్మమైన తరువాత స్మృతి దేన్ని ఆశ్రయించి ఉంటుంది? ఆత్మ నిత్యమైనా మెదడు దానికి ఉపకరణమని, ఉపకరణం చెడితే వ్యక్తీకరణ ఆగుతుందని బదులు చెప్పవచ్చు. తర్కరీత్యా ఆ బదులును కొట్టివేయలేము. కాని ఏ ఉపకరణమూ లేని స్థితిలో ఆ ఆత్మ స్మరించగలదనడానికి ఆ బదులు ఏ ఆధారమూ ఇవ్వదు.

జన్మాంతరాన్ని శాస్త్రపరీక్షకు పెట్టే ప్రయత్నాలు సైతం స్మృతినే పట్టుకున్నాయి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యుడైన ఇయాన్ స్టీవెన్సన్ పూర్వజన్మను చెబుతున్నారన్న పిల్లల వృత్తాంతాలను పలుదేశాల్లో, భారతదేశంలో కూడా, సేకరించాడు. ఇరవై ఉదంతాలతో 1966లో వెలువరించిన గ్రంథానికి పేరు పెడుతూ, అవి పునర్జన్మను సూచించే ఉదంతాలని మాత్రమే అన్నాడు, నిరూపించేవని అనలేదు. ఆయన్ను ఉదహరించే మన వ్యాసకర్తలు సాధారణంగా ఈ సంయమనాన్ని వదిలేస్తారు. పరిశోధకుడు వెళ్లేసరికే చాలాచోట్ల రెండు కుటుంబాలూ కలుసుకుని ఉండటం, దుబాసీల మీద ఆధారపడవలసి రావడం, పునర్జన్మ విశ్వాసం బలంగా ఉన్న సమాజాల్లోనే ఉదంతాలు విరివిగా దొరకడం విమర్శకులు ఎత్తిచూపిన లోపాలు. అయినా అది పరీక్షకు నిలబడటానికి సిద్ధపడిన ప్రయత్నం. ఓడిపోయే అవకాశాన్ని అంగీకరించింది కనుక శక్తివాదం కన్నా గౌరవించదగింది.

కాబట్టి పొసగుతుందా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఏ స్మృతీ లేని, ఏ గుర్తింపూ లేని చైతన్యం మిగులుతుందంటే శాస్త్రం దాన్ని ఖండించదు, ఖండించవలసిన పనీ దానికి లేదు. కాని ఆత్మీయుణ్ణి పోగొట్టుకున్నవారు ఆశించేది అది కాదు. పోయిన మనిషి తమను గుర్తుంచుకుని ఎక్కడో ఉన్నాడని వారు నమ్మదలుస్తారు. ఆ నమ్మకం ఎంత నిర్దిష్టమైతే శాస్త్రంతో దాని ఘర్షణ అంత తీవ్రమవుతుంది. కర్మసిద్ధాంతానికీ ఇదే ఇరకాటం. చేసిన కర్మ ఫలించకపోవడం, చేయని కర్మ అనుభవానికి రావడం అనే దోషాలను తప్పించడానికి శాస్త్రకారులు నిత్యాత్మను ఆశ్రయించారు. అయితే తాను చేసిన పని ఏదో ఎరుగనివాడు అనుభవించే ఫలం అతడికి న్యాయంగా తోచే మార్గమేది?

సూరన కావ్యం ఈ ప్రశ్నను సిద్ధాంతంగా చర్చించదు. కాని స్మృతికి ఒక ఆశ్రయాన్ని కల్పించవలసిన అవసరాన్ని ఆ కవి గుర్తించాడు. బాణుడి కాదంబరిలో శూద్రకుడికి పూర్వస్మృతి వృత్తాంత శ్రవణం వల్ల మేల్కొంటుంది. లోపల నిద్రాణమై ఉన్నది లేచిందని అక్కడ భావించవచ్చు. మధురలాలస విషయంలో ఆ వీలు కూడా తక్కువే. మణిస్పర్శకు ముందు ఆమె అందరిలాంటి పసిపాప. జీవుడు అదే అయినా స్మృతి తనంత తాను వెంట రాలేదు. వెలుపలినుంచి ఒక వస్తువు దాన్ని అందించవలసి వచ్చింది. నైయాయికుడు ఆత్మలో ఉంచినదాన్ని కవి ఒక హారంలో ఉంచాడనడం కొంత సాహసమే. మణి స్మృతిని కలిగించలేదు, ఆవరణను తొలగించిందంతే అని సంప్రదాయజ్ఞులు అనవచ్చు. అలా చదివినా, ఆవరణ తొలగడానికి భౌతికమైన స్పర్శ తప్పనిసరి అయిందన్న అంశం మిగిలే ఉంటుంది.

కథ ముగింపు కూడా ఈ కోణంలో చదవదగింది. కలభాషిణి కోరుకున్నది నలకూబరుణ్ణి. ఆమెకు దక్కినవాడు నలకూబర రూపం ధరించిన మణికంధరుడు. ఆ మణికంధరుడే కళాపూర్ణుడై, ఆమె మధురలాలసై మరుజన్మలో దంపతులవుతారు. ఈ సంఘటనలోని ఔచిత్యం రెండు జన్మలనూ ఒకేసారి మనసులో నిలుపుకోగలిగిన వారికే అందుతుంది. మణి ఉన్నంతసేపు మధురలాలసకు ఆ శక్తి ఉంది. కావ్యం పొడుగునా ఆ శక్తి ఉన్నది శ్రోతకు, పాఠకుడికి.