చాక్లెట్ ముక్క ఎక్కడ వేయాలి?

అమెరికాలో అక్టోబరు 31 రాత్రి, హాలోవీన్ పండగకి, పిల్లలు వేషాలు కట్టి, ఇల్లిల్లూ తిరిగి, సంచుల నిండా చాక్లెట్లు తెచ్చుకుంటారు. పెద్దవాళ్ళకు తలనొప్పి మర్నాడు మొదలవుతుంది. వేలెడంత స్నికర్స్, రెండు పుల్లల కిట్‌క్యాట్, రీసెస్ పీనట్ బటర్ కప్పులు కుప్పలుగా పడి ఉంటాయి. తిననిస్తే పళ్ళు పాడు, పారేస్తే పిల్లల ఏడుపు. ఈ ఇరకాటంలోంచి బయటపడటానికి అక్కడి వంటిళ్ళు కనిపెట్టుకున్న దారుల్లో ఒకటి, ఆ బార్లను తరిగి చాక్లెట్ కప్‌కేకుల్లో వేసి కాల్చడం, పైన ఫ్రాస్టింగ్ పెట్టి దాని మీద ఇంకొన్ని ముక్కలు గుచ్చడం. 2024లో హాలోవీన్, దీపావళి ఒకే రోజు పడ్డాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్ళల్లో ఆ వారం అరిసెల డబ్బా, ఈ చాక్లెట్ల సంచీ పక్కపక్కనే చేరి ఉంటాయి.

చూస్తే ఇంట్లో ఉన్నవన్నీ కలిపి కాల్చేసిన వంటలా ఉంటుంది. బాగా కుదిరినదాన్నీ కుదరనిదాన్నీ పక్కపక్కన కోసి చూస్తే మాత్రం పని ఎక్కడ ఉందో తెలుస్తుంది. ఒకదాని మధ్యలో వేరుశనగ వెన్న మెత్తగా, కదలకుండా నిలిచి ఉంటుంది. రెండోదాని మధ్యలో బోలు గుంత, అడుగున కాగితానికి అంటుకుపోయిన జిగురు, అందులో నాలుగు పల్లీలు. పిండి ఒకటే, ఓవెన్ ఒకటే. లోపల వేసిన బార్ వేరు, అంతే. చాక్లెట్ బార్ అంటే ఫ్యాక్టరీలో ఒకసారి ఉడికి, చల్లారి, గట్టిపడిన వస్తువు. దాన్ని మళ్ళీ వేడికి పెడుతున్నాం. రెండోసారి వేడిని ఏది ఓర్చుకుంటుందో, ఏది ఓర్చుకోదో తెలియడమే ఈ వంటలో అసలు విద్య.

చిన్న కప్పుల్లో కేకు కాల్చడం అమెరికాలో పాత అలవాటే. 1796లో అమేలియా సిమ్మన్స్ అచ్చువేయించిన ‘అమెరికన్ కుకరీ’లో చిన్న కప్పుల్లో కాల్చే తేలికపాటి కేకు ఒకటుంది. అందులో పన్నీరు, వైను, జాజికాయ, దాల్చినచెక్క పడతాయి. చాక్లెట్ ఊసే లేదు. 1828లో ఎలైజా లెస్లీ తన పుస్తకంలో పిండి, వెన్న, చక్కెర, మొలాసిస్ అన్నీ టీకప్పుతో కొలిచి కలిపే కేకు రాసింది. తక్కెడ లేని ఇంట్లో కూడా కేకు కుదిరే వీలు అలా వచ్చింది. అదే ఏడాది హాలండ్‌లో వాన్ హౌటెన్ కుటుంబం కోకో గింజల ముద్ద నుంచి కొవ్వును పిండి తీసే పద్ధతికి హక్కు పొందింది. కొవ్వు పోయాక మిగిలిన పిప్పి పొడే మనం కేకుల్లో వాడే కోకో. అయినా చాక్లెట్ రుచి కేకు లోపలికి దిగడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. అంతకుముందు చాక్లెట్ కేకు అంటే చాలామట్టుకు చాక్లెట్ పానీయంతో పాటు తినే పసుప్పచ్చ కేకు, లేదంటే పైన చాక్లెట్ పూసిన కేకు.

బార్ల కథ ఇంకా కొత్తది. హెర్షీ మిల్క్ చాక్లెట్ బార్ 1900లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో బార్లు వరసకట్టాయి. మిల్కీ వే 1923లో, రీసెస్ కప్పు 1928లో, స్నికర్స్ 1930లో. స్నికర్స్ అనేది మార్స్ కుటుంబం పెంచుకున్న గుర్రం పేరు. బార్‌ని తరిగి పిండిలో కలపడాన్ని ఇంటింటి పద్ధతిగా మార్చింది మాత్రం 1930ల చివర్లో మసాచుసెట్స్‌లోని టోల్ హౌస్ సత్రం నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్. ఆవిడ నెస్లే చాక్లెట్ బార్‌ని ముక్కలు చేసి బిస్కెట్ ముద్దలో కలిపింది. ముక్కలు కరిగి మాయమైపోకుండా ఉన్నచోటే నిలిచాయి. బిస్కెట్ ముద్ద గట్టిగా ఉంటుంది కాబట్టి నిలిచాయి. కేకు పిండి జారుగా ఉంటుంది, అందులో ముక్క నిలవదు. కప్‌కేకుకి వచ్చే మొదటి చిక్కు ఇదే.

అందువల్ల పిండిని కాస్త చిక్కగా కలుపుకోవాలి. కోకో డబ్బాల మీద కనిపించే అమెరికన్ పద్ధతిలో చివర మరిగే నీళ్ళు పోస్తారు. కేకు అద్భుతంగా వస్తుంది, కానీ పిండి పల్చని అట్లపిండిలా ఉంటుంది. ముక్కలు వేయగానే అడుగుకి దిగిపోతాయి. నేనైతే పన్నెండు కప్‌కేకులకి ఈ కొలత పెట్టుకుంటాను: మైదా 125 గ్రాములు, కోకో 30, పంచదార 150, అర టీస్పూను వంటసోడా, అర టీస్పూను బేకింగ్ పౌడర్, పావు టీస్పూను ఉప్పు, ఒక గుడ్డు, పావు కప్పు నూనె, అర కప్పు చిక్కటి పుల్లమజ్జిగ, పావు కప్పు వేడి డికాషన్. ముందు వేడి డికాషన్‌ని కోకో మీద పోసి ఉండలు లేకుండా కలిపి ఐదు నిమిషాలు వదిలేయాలి. వేడికి కోకో వాసన విచ్చుకుంటుంది. డికాషన్ రుచి విడిగా తెలియదు, చాక్లెట్‌ని మాత్రం ఒక మెట్టు ముదురు చేస్తుంది. మజ్జిగలోని పులుపు, కోకోలోని పులుపు సోడాతో కలిసి గాలిబుడగలు పుట్టిస్తాయి. డచ్ ప్రాసెస్ అని రాసి ఉన్న కోకోలో ఆ పులుపు తీసేసి ఉంటుంది కనుక, అది వాడితే సోడా కొంత తగ్గించి బేకింగ్ పౌడర్ పెంచాలి. మైదా వేశాక గరిటె ఎక్కువ తిప్పకూడదు. ఎంత తిప్పితే కేకు అంత సాగుతుంది, రబ్బరు నమిలినట్టు ఉంటుంది. తెల్లపొడి కనబడకపోతే ఆపేయాలి.

కాగితపు కప్పులు మూడింట రెండు వంతులు నింపి, 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 18 నుంచి 20 నిమిషాలు. బార్ లేని కేకుకైతే ఇంతే. బార్ ఉంటే సగానికి కొంచెం పైదాకా నింపితే చాలు, మిగతా చోటు ముక్కకి కావాలి.

ఇక ముక్కల సంగతి. పాకాలు పట్టిన చెయ్యి ఉన్నవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. స్నికర్స్‌లో ఉండే క్యారమెల్ సుమారు 118 డిగ్రీల దగ్గర దింపిన పాకం, మన లెక్కలో ఉండపాకానికి దగ్గర. అందులో ఇంకా నీరు ఉంది. ఓవెన్‌లో అది తిరిగి పాకమై ఉడికి, పక్కనున్న కేకులోకి ఇంకిపోతుంది. దాని చోట గుంత మిగులుతుంది. గుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి గిలకొట్టిన నూగట్ పొర కూడా అంతే, తడిపిండిలో కరిగిపోతుంది. చివరికి మిగిలేవి పల్లీలు. హీత్ బార్‌లో ఉండే టాఫీ 150 డిగ్రీల దాకా కాగిన గట్టి పాకం, పల్లీపట్టికి పట్టేలాంటిది. ముక్క పెద్దదైతే కాస్త నిలుస్తుంది, చిన్నదైతే వెన్న రుచి మాత్రం వదిలి తాను మాయమవుతుంది. కిట్‌క్యాట్‌లో వేఫర్ ఉంది. వేఫర్‌కి పొడిదనమే ప్రాణం, పిండిలో పడ్డ మరుక్షణం తడి లాక్కుని నానిపోతుంది. దాన్ని లోపల వేయడం దండగ అని నా మట్టుకు నేను తేల్చేసుకున్నాను.

లోపల పెట్టడానికి పుట్టిందంటే పీనట్ బటర్ కప్పే. దాని పొట్టలో కొవ్వు ఎక్కువ, తడి దాదాపు లేదు. కేకులోకి ఇంకదు, పొంగదు, ఆవిరి పుట్టించదు. కరిగినా ఉన్నచోటే కరిగి, చల్లారాక అక్కడే గట్టిపడుతుంది. చిన్న సైజు కప్పుల్ని రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, పిండి పోశాక ఒక్కోదాన్ని నడిమికి నొక్కి, పైన స్పూనుడు పిండి కప్పాలి. గడ్డకట్టి ఉంటే కరగడానికి సమయం పడుతుంది. ఈలోగా చుట్టూ కేకు గట్టిపడి దాన్ని పట్టుకుంటుంది.

స్నికర్సే కావాలని పిల్లలు పట్టుబడితే ఇంకో దారి ఉంది. కేకు ఒట్టిదే కాల్చి, పూర్తిగా చల్లార్చి, చిన్న కత్తితో నడిమి నుంచి గరాటు ఆకారంలో ముక్క తీసి, ఆ గుంతలో తరిగిన బార్ నింపి, తీసిన ముక్క కొసను కోసేసి మూతగా పెట్టాలి. క్యారమెల్ క్యారమెల్‌గానే ఉంటుంది, నూగట్ నూగట్‌గానే ఉంటుంది. పని ఎక్కువే, కాదనను. ఓవెన్ లోపల ముక్క వేసి తీరాలన్న పట్టుదల వదిలేస్తే ఈ వంట సగం బాగుపడుతుందని నా నమ్మకం.

తరగడానికి ముందు బార్లని అరగంట ఫ్రీజర్‌లో పెట్టాలి. బ్రెడ్ కోసే రంపపు కత్తితో, నొక్కకుండా ముందుకీ వెనక్కీ ఆడించి కోస్తే అంచులు నలగవు. ముక్క బఠాణీ గింజకంటే చిన్నది కాకూడదు. కోశాక పలక మీద రాలిన పొడిని జల్లెడ పట్టి విడిగా తీయాలి. పిండిలో కలిపితే ఆ పొడి కరిగి కేకుని తడితడిగా చేస్తుంది. ఫ్రాస్టింగ్‌లో కలపొచ్చు, అయితే పల్లీ పలుకులు క్రీము పిండే నాజిల్‌లో అడ్డంపడి క్రీము పక్కనుంచి చిమ్ముతుంది. ముక్కలున్న ఫ్రాస్టింగ్‌ని స్పూనుతో పెట్టుకోవడమే మేలు. ముక్కలకి మైదా పట్టిస్తే అడుగుకి దిగవని అంటారు. చిక్కటి పిండిలో కాస్త పనిచేస్తుంది, పల్చటి పిండిని మాత్రం మైదా కాపాడలేదు.

ఉడికిందో లేదో చూడటానికి టూత్‌పిక్ గుచ్చే అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది. పుల్ల చాక్లెట్ ముక్కలోంచి వెళితే తడిగానే వస్తుంది, ఇంకా ఉడకలేదనుకుని ఎండబెట్టేస్తాం. వేలితో పైన మెల్లగా తాకి చూడాలి. నొక్కిన చోటు వెంటనే పైకి లేస్తే దింపేయొచ్చు.

ఫ్రాస్టింగ్ దగ్గర అమెరికా వాళ్ళతో నాకు పేచీ ఉంది. వాళ్ళు మామూలుగా చేసేది వెన్నకి రెట్టింపు బరువు పంచదార పొడి కలిపిన బటర్‌క్రీమ్. చేయడం తేలికే, చెయ్యి తిరగాల్సిన పని లేదు. కానీ కింద తీపి కేకు, మధ్యలో తీపి బార్, పైన మళ్ళీ తీపి కొండ. మూడో ముద్దకి నాలుక మొద్దుబారుతుంది, అన్ని బార్లూ ఒకే రుచిగా తోస్తాయి. అమెరికా వంటిళ్ళలోనే దీనికి విరుగుడు ఉంది. ఎర్మిన్ అనే పాత ఫ్రాస్టింగ్, రెడ్ వెల్వెట్ కేకు మీద ఒకప్పుడు పెట్టింది అదే. కప్పు పాలలో నాలుగు స్పూన్ల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కటి ముద్దయ్యేదాకా తిప్పి, గిన్నె చేతికి చల్లగా తగిలేంత చల్లార్చాలి. వేరుగా 225 గ్రాముల వెన్న, 200 గ్రాముల పంచదార తెల్లగా నురగొచ్చేదాకా గిలకొట్టి, ఈ ముద్దని స్పూను తర్వాత స్పూను కలపాలి. ముద్దలో వేడి మిగిలి ఉంటే వెన్న కరిగి అంతా విరిగినట్టవుతుంది. సరిగ్గా కుదిరితే మీగడలా తేలిగ్గా ఉంటుంది, దాని మీద బార్ ముక్క తన ఉప్పదనం, తన కరకర తానే చెప్పుకుంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో చేసేవాళ్ళకి ఇంకో చిక్కు ఎండ. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో బటర్‌క్రీమ్ పువ్వు నిలబడాలని కోరుకోవడం అత్యాశ. ఆ రోజుల్లో ఫ్రాస్టింగ్ మానేసి, రెండు వంతుల డార్క్ చాక్లెట్‌ని ఒక వంతు వేడి మీగడలో కరిగించిన గనాష్ పల్చగా పూసి, ఫ్రిజ్‌లో పెట్టి, తీసిన వెంటనే తినడం తెలివైన పని. పంచదార మిక్సీలో పొడి కొట్టుకునేవాళ్ళు సన్నజల్లెడ పట్టకపోతే క్రీము ఇసకలా తగులుతుంది. ఓవెన్ లేకపోతే మనకి తెలిసిన కుక్కర్ పద్ధతి ఉండనే ఉంది: అడుగున ఉప్పు పరిచి, రబ్బరు, విజిల్ తీసేసి, పది నిమిషాలు ముందే వేడిచేసి, చిన్న స్టీలు గిన్నెల్లో పిండి పోసి స్టాండు మీద పెట్టడం. కుక్కర్‌లో అడుగు సెగ ఎక్కువ, కాబట్టి అందులో బార్ ముక్కలు లోపల అసలు వేయకూడదు. అడుగుకి దిగి మాడతాయి.

గుడ్డు తినని ఇళ్ళకి ఒక హెచ్చరిక. కేకు గుడ్డు లేకుండా కుదురుతుంది. గుడ్డు, పాలు, వెన్న ఏవీ లేకుండా వెనిగర్, సోడాతో పొంగించే చాక్లెట్ కేకు అమెరికాలో కరువు రోజుల నుంచీ ఉంది. కానీ అమెరికాలో అమ్మే స్నికర్స్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. పిండిలో గుడ్డు మానేసి పైన ఆ ముక్క పెడితే చేసిన శ్రమంతా వృథా. అక్కడి బళ్ళలో పుట్టినరోజుకి పంపాలంటే వేరుశనగ పడనివాళ్ళ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. చాలా బళ్ళు ఇంట్లో చేసినవి అసలు తీసుకోవు.

పైముక్కలు తినే ముందే పెట్టాలి. టాఫీ, వేఫర్ రెండూ ఫ్రాస్టింగ్‌లోని తడిని పీల్చుకుంటాయి. రాత్రి పెట్టినవి తెల్లారేసరికి ఒకటి చెమ్మగిల్లి జిగురు కడుతుంది, ఒకటి మెత్తబడుతుంది. ఇక తినే తీరు. పైనుంచి కొరికితే ముక్కుకి క్రీము అంటుకోవడం ఖాయం. అక్కడి పిల్లలు కొందరు కాగితం విప్పి, కేకు కింది సగం విరిచి, దాన్ని క్రీము మీద మూతలా నొక్కి శాండ్‌విచ్‌లా తింటారు. చూడ్డానికి మొరటుగా ఉంటుంది గానీ, ప్రతి ముద్దలోనూ కేకు, క్రీము, బార్ మూడూ వస్తాయి.