వేలు పడలేదు

మా డిపో దగ్గర నెల మొదటి వారంలో ఒక పూట నిలబడితే ఎక్కువసార్లు వినబడే మాట "వేలు పడలేదు". ఉపాధి పని దగ్గరికి వెళితే "ఫొటో పడలేదు". బ్యాంకు మిత్ర దగ్గర "డబ్బులు పడలేదు". మా బడిలో పొద్దున్నే టీచర్ల నోట "హాజరు పడలేదు". ఈ "పడలేదు" గురించి మన ఊళ్లలో ఈ మధ్య చాలా గొడవలు జరుగుతున్నాయి. టీ కొట్టు దగ్గర, సంతలో, స్టాఫ్ రూములో, పెళ్లి పందిట్లో కూడా. ఆ గొడవల్లో మనం మాట్లాడుతున్న తీరు గురించే ఈ వ్యాసం.

ముందు ఆ మాటనే చూద్దాం. వాన పడలేదు అంటాం. వాన ఎవరూ వేసేది కాదు కాబట్టి అక్కడ ఆ మాట సరిపోయింది. కూలి డబ్బులు అలా కాదు, ఎవరో వేస్తేనే పడతాయి. "వేయలేదు" అంటే వెంటనే "ఎవరు?" అని అడగాలనిపిస్తుంది. "పడలేదు" అంటే ఎవరినీ అడగాలనిపించదు. ఆకాశం వైపు చూసి ఇంటికి పోతాం. వేలిముద్ర విషయంలో ఇంకో మెట్టు దిగిపోయాం. "వేలు పడలేదు" అన్నప్పుడు ఆ మాటలో కనబడేది వేలు ఒక్కటే. సర్వరు లేదు, టవరు లేదు, శాఖ లేదు. ముసలమ్మ వేలు ఉంది, అది పడలేదు. తప్పు ఎవరిదో చెప్పకుండానే చెప్పేసినట్టయింది.

మా అత్తకి డెబ్బై ఏళ్లు దాటాయి. మా డిపో రోడ్డు పక్కన పల్లంలో ఉంది, సిగ్నల్ పైన చింతచెట్టు దగ్గర ఉంది. అందుకని వేలిముద్రలు చెట్టు దగ్గర వేయించుకుంటారు, బియ్యం పల్లంలో ఇస్తారు. ఆ నెల అత్త మూడు రోజులు చెట్టు ఎక్కి దిగింది. అంటే చెట్టు దాకా గుట్ట ఎక్కి దిగింది. పది వేళ్లూ పెట్టి చూశారు. కొబ్బరినూనె రాసి చూశారు, బట్టతో తుడిచి చూశారు. నాలుగో రోజు నేను సెలవులో ఉండి తోడు వెళ్లాను. అప్పుడూ పడలేదు. నలుగురిలో నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది: "పోయిన నెల్లోనే ఈకేవైసీ చేయించుకోమన్నాను కదా అత్తా."

"ఏలు నాదే అల్లుడూ. నాకు తెలుసు. మిషనుకి తెలీకపోతే నానేటి సేసేది?" అంది.

జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది ఒక రకంగా ఆ జవాబే.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర దీనిమీద వాదన లేచింది. మాస్టారుని కాబట్టి తీర్పు నన్ను చెప్పమన్నారు. డిగ్రీ చదివి వచ్చిన మా తమ్ముడి వరస కుర్రాడు, "ప్రభుత్వం ఆర్నెల్ల నుంచి మొత్తుకుంటోంది. ఫోనుకి మెసేజీలు పెట్టింది. ఎవరి పని వాళ్లు చూసుకోవాలి" అన్నాడు. నాతో పనిచేసే టీచరు, "మిషన్ రాకముందు సగం బియ్యం రాత్రిపూట ఆటోల్లో దిగిపోయేవి, మర్చిపోయారా?" అన్నాడు. మూలన కూర్చున్న మామ, "మిషన్ పట్టుకెళ్లి గెడ్డలో పారేస్తే గొడవ వదిలిపోద్ది" అన్నాడు. ముగ్గురికీ తలో సమర్థకుడు దొరికాడు. టీలు చల్లారిపోయాయి.

టీచరు చెప్పిన దాంట్లో నిజం ఉంది. దాన్ని దాటేసి మాట్లాడితే మన వాదనకు బలం ఉండదు. ఏజెన్సీలో రేషన్ కార్డులు షావుకారు పెట్టెలో తాకట్టు ఉండటం మన పెద్దవాళ్లు చూసిందే. చనిపోయిన వాళ్ల పేరు మీద, పుట్టని వాళ్ల పేరు మీద బియ్యం లేచిపోయాయి. అప్పుడు అడ్డుకోవడానికి మన దగ్గర ఏమీ లేదు. యంత్రం వల్ల కొంత మేలు జరిగిందని చెప్పడానికి సాక్ష్యం కూడా ఉంది, అదీ మన దగ్గరే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్ర ఉన్న స్మార్ట్ కార్డులతో ఇచ్చినప్పుడు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో దాన్ని పరిశీలించారు. ఆదిలాబాద్, ఖమ్మం, విజయనగరం అందులో ఉన్నాయి. 2016లో అచ్చయిన వాళ్ల పరిశోధన ప్రకారం కూలి త్వరగా అందింది, మధ్యలో జారిపోయే డబ్బు తగ్గింది.

కానీ టీచరు చెప్పని సంగతి ఇంకొకటుంది. అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్ వెళ్లి, రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్రను తప్పనిసరి చేసినప్పుడు ఏం జరిగిందో చూశారు. అక్కడ ఆ నిబంధన ఒక్కదానివల్ల దొంగతనం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఆధార్‌తో ముందుగా ముడిపడని కార్డుల వాళ్లకు మాత్రం అందే సరుకు సుమారు పదో వంతు తగ్గింది. ఇక్కడా వేలే, అక్కడా వేలే. పరిశీలించిన వాళ్లూ వాళ్లే. మరి ఫలితం ఎందుకు మారింది? మన దగ్గర స్మార్ట్ కార్డు వచ్చిన కొత్తలో, కార్డు లేనివాడికీ వేలు కలవనివాడికీ డబ్బు ఆపలేదు. కార్డులు వచ్చిన మండలాల్లో రెండేళ్ల తర్వాత కూడా దాదాపు సగం చెల్లింపులు వేలిముద్ర లేకుండానే జరిగాయి. యంత్రం పనిచేయకపోతే చేతితో ఇచ్చే దారి తెరిచే ఉంచారు. జార్ఖండ్‌లో ఆ దారి చాలాచోట్ల మూసుకుపోయింది. 2017 సెప్టెంబరులో సిమ్డేగా జిల్లాలో 11 ఏళ్ల పిల్ల చనిపోయింది. ఆధార్ జతకాలేదని ఆ ఇంటి రేషన్ కార్డు తీసేశారు. ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. కాదు, జబ్బు అని అధికారులన్నారు. కార్డు తీసేసిన మాట మాత్రం మిగిలింది.

కాబట్టి మిషన్ మంచిదా చెడ్డదా అని టీ కొట్టు దగ్గర మనం పడే తగవుకి అర్థం తక్కువ. మిషన్ పనిచేయని రోజు ఆకలి ఎవరింట్లో ఉండాలి అన్నది అసలు తగవు. దాన్ని తేల్చేది నియమం. నియమం రాసేది మనుషులు. మామ మిషన్‌ని గెడ్డలో పారేస్తే ఆ మనుషులకి ఏమీ కాదు, ఇంకోటి పంపిస్తారు.

ఇక మా తమ్ముడి వాదన. ఎవరి బాధ్యత వాళ్లదే అన్నాడు. సరే, బాధ్యతలు లెక్కపెడదాం. అత్త వేలు పెట్టాక మిషన్ బ్యాటరీ ఉండాలి. సిమ్ పనిచేయాలి. టవరుకి కరెంటు ఉండాలి. రాష్ట్రం సర్వరు పలకాలి, ఆపైన ఆధార్ సర్వరు పలకాలి. అక్కడ ఎన్నో ఏళ్ల క్రితం తీసి దాచిన ముద్రతో ఇప్పటి ముద్ర కలవాలి. ఇవన్నీ ఒకేసారి జరిగితేనే బియ్యం. ఇన్నింటిలో అత్త చేతిలో ఉన్నది అత్త చెయ్యి ఒక్కటే. ఆ చేతి గీతలు ఎందుకు అరిగాయంటే పసుపు తవ్వి, కొండచీపుర్లు కోసి, అడ్డాకులు కుట్టి. పని చేసినందుకు గీతలు అరిగాయి, గీతలు అరిగినందుకు గింజలు ఆగాయి. మెసేజీలు పెట్టారన్నాడు. అత్తకి ఫోను లేదు. కార్డుకి ఇచ్చిన నంబరు అతనిదే. మెసేజీ అతని ఫోనులోనే ఉంది, చదవని మెసేజీల కింద.

ఎగతాళికి రాయడం లేదు. ఆ కుర్రాడు మంచివాడు, తర్వాత అత్తని రెండుసార్లు బండి మీద తీసుకెళ్లింది అతనే. చదువుకున్న మన పిల్లలకి ఈ మాట ఎక్కడ అంటుకుందో చూడమంటున్నాను. "నువ్వు అప్‌డేట్ చేసుకోలేదు" అనేది ఆఫీసు మాట. ఆఫీసు వాడు తన పని తగ్గించుకోవడానికి ఆ మాట అంటాడు. మనం దాన్ని ఊళ్లోకి మోసుకొచ్చి మన ముసలివాళ్ల మీద దింపుతున్నాం.

చట్టం ఏమంటుందో మన టీచర్లలో కూడా చాలామంది చదవలేదు, ఆ రోజు దాకా నేనూ చదవలేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం అంత్యోదయ కుటుంబానికి నెలకు 35 కిలోలు, మిగతా అర్హులకు మనిషికి 5 కిలోలు హక్కు. అందకపోతే ప్రభుత్వం ఆహార భద్రత భత్యం చెల్లించాలని 8వ సెక్షన్‌లో ఉంది. 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు ఆదేశం పంపింది. ఆధార్ లేదనో, నెట్‌వర్క్ లేదనో, వేలిముద్ర కలవలేదనో ఎవరికీ సరుకు ఆపకూడదు. కార్డు చూసి ఇచ్చి, అలా ఇచ్చిన వివరం వేరే రిజిస్టరులో రాయాలి. 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు సంక్షేమ పథకాలకు ఆధార్ అడగడాన్ని సమర్థించింది. కానీ ముద్ర కలవని కారణంగా అర్హుడికి హక్కు పోకూడదని అందులోనూ ఉంది. అంటే దారి కాగితం మీద తెరిచే ఉంది. మా డిపోలో రిజిస్టరు అడిగితే సేల్స్‌మేన్ వెతికి తీశాడు. కొత్త పుస్తకంలా ఉంది. ఒక్క పేజీ కూడా రాయలేదు. "ఎవరూ అడగలేదు మాస్టారూ" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. మేము వేలు పెట్టమంటే వేలు పెట్టాం, పొమ్మంటే పోయాం.

ఉపాధి పనుల సంగతి ఎక్కువ రాయను, దానికి వేరే వ్యాసం కావాలి. 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా అన్ని పనుల దగ్గరా రోజుకి రెండుసార్లు యాప్‌లో ఫొటో తీయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గుట్ట మీద మట్టి తవ్విన మనిషి, ఫొటో ఎక్కకపోతే పని చేయనట్టే. దొంగ హాజరు ఆగిందా అంటే, ఫొటోకి ఫొటో తీసి పెడుతున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. దొంగకి దారి దొరికింది, కూలికి దొరకలేదు.

ఇప్పుడు మన టీచర్ల దగ్గరికి వస్తాను. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ బడుల్లో ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చినప్పుడు మనం ఎంత గట్టిగా మాట్లాడామో గుర్తుందా? నా సొంత ఫోనులో ప్రభుత్వ యాప్ ఎందుకు, సిగ్నల్ లేకపోతే గైర్హాజరు ఎలా వేస్తారు, వాగు దాటి వచ్చినవాడికి నిమిషాల లెక్కలేమిటి అన్నాం. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. నేనూ ఆ మాటలన్నవాడినే. మన హాజరు పడకపోతే యాప్ తప్పు, అత్త వేలు పడకపోతే అత్త తప్పు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? మనకి సంఘం ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది, అర్జీ రాయడం వచ్చు. ఆమెకి చెయ్యి ఉంది.

వ్యక్తి బాధ్యత అనే మాటని నేను కొట్టిపారేయను. ఎవరి మీద పెట్టాలో తెలిస్తే అది మంచి మాటే. నా మీద పెట్టుకుని చూస్తాను.

మా బడిలో పదో తరగతి చదువుతున్న ఒక పిల్ల ఉంది. శుక్రవారం పుట్టిందని ఇంట్లో సుక్రి అని పెట్టుకున్నారు. వారం పేర్లు మా వైపు ఊళ్లలో మామూలే. ఒకటో తరగతిలో చేర్చినప్పుడు నేను ఊరి బడిలో ఉన్నాను. రిజిస్టరులో సుకన్య అని రాశాను. బాగుంటుందని. పట్నంలో పిల్లలు నవ్వకుండా ఉంటారని. పుట్టిన తేదీ తెలియదంటే జూలై 1 వేశాను. (ఆ ఏడు చేరిన పిల్లల్లో సగం మంది మా రిజిస్టరు ప్రకారం జూలై 1నే పుట్టారు. అలాంటి తేదీ వేయని ఏజెన్సీ మాస్టారు ఉంటే నాకు చూపించండి.) బడిలో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు రిజిస్టరు చూసి సుకన్య అనే ఎక్కించారు. రేషన్ కార్డులో సుక్రి ఉంది. రెండు పేర్లూ కలవడం లేదని ఈ ఏడు ఆ పిల్ల వాటా ఆగింది. పైగా 5 ఏళ్లకి ఒకసారి, 15 దాటాక మరోసారి పిల్లల వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. ఆ రెండూ జరగలేదు. ఆ సంగతి ఇంటికి చెప్పాల్సిందీ మేమే. వాళ్ల నాన్నని ఆఫీసులో "సుకన్య ఎవరు?" అని అడిగితే, "మా ఇంట్లో ఆ పేరు పిల్ల నేదు బాబూ" అని చెప్పి వచ్చేశాడట. నిజమే చెప్పాడు. ఆ నిజానికి ఆ పిల్ల 5 కిలోలు పోయాయి.

ఆ పిల్ల విషయంలో యంత్రం తప్పు చేయలేదు. ఉన్నది ఉన్నట్టు చూపించింది. మన పేర్లని దిద్దాల్సిన పేర్లుగా చూసిన నా కలం అక్కడ పనిచేసింది. సర్వరులో కూర్చున్న ప్రతి తప్పు వెనక ఇలా ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి చాలాసార్లు బడి దగ్గరే ఉంటుంది.

పదో తరగతి సర్టిఫికెట్ రాకముందే పేరు సరిచేయాలి, ఆ తర్వాత మరీ కష్టం. ఆ పిల్లని ఏ పేరు కావాలో అడిగాను. సుక్రే ఉంచమంది. దరఖాస్తుకి బడి రికార్డు నకలు, సంతకంతో నా వివరణ కావాలన్నారు. కారణం అన్న చోట ముందు "పేరు తప్పు పడింది" అని రాశాను. కొట్టేసి, "పేరు నేను తప్పు రాశాను" అని రాసి సంతకం పెట్టాను.