‘ఈతగాడు’: పదనిర్మాణం, ప్రయోగం, గౌరవం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నీటిలో ఈదే మనిషిని సూచించడానికి ‘ఈతగాడు’, ‘గజ ఈతగాడు’, ‘ఈత వచ్చినవాడు’, ‘స్విమ్మర్’ అనే మాటలు నేటి తెలుగులో వాడుకలో ఉన్నాయి. ఇవి పర్యాయపదాలుగా కనిపించినా ప్రయోగంలో ఒకదాని స్థానంలో మరొకటి నిలవదు. ఈ భేదం అర్థానికే కాక లింగానికీ గౌరవానికీ సంబంధించినదని పదనిర్మాణం, సోదరభాషలతో పోలిక, పత్రికాభాష, తెలంగాణ వాడుక ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఈతగాడు, తద్ధితాలు, గజ ఈతగాళ్లు, తెలంగాణ వాడుక, పత్రికాభాష, కాళోజీ.

1. ఉపోద్ఘాతం

నేడు వరంగల్ నగరంలో కలిసిపోయిన మడికొండకు తెలుగు సాహిత్యచరిత్రలో విశిష్టస్థానం ఉంది. ‘పోతన చరిత్రము’ కావ్యాన్ని రచించిన వానమామలై వరదాచార్యులు (1912–1984), ‘గంగిరెద్దు’ కావ్యకర్త పల్లా దుర్గయ్య ఇక్కడే జన్మించారు. 1914లో రట్టిహళ్లిలో పుట్టిన కాళోజీ నారాయణరావు బాల్యం ఈ ఊళ్లోనే గడిచింది. ప్రౌఢమైన కావ్యభాషా, ప్రజల నోటిమాటే భాషకు ప్రమాణమన్న కాళోజీ వాదమూ ఒకే ఊరి వారసత్వం కావడం గమనార్హం. ఆ రెండు భాషల మధ్య దూరం ఎంతో తెలుసుకోవడానికి పెద్ద పదజాలం అక్కరలేదు. చెరువులు, మోటబావుల ప్రాంతమైన వరంగల్‌లో పిల్లలందరికీ తెలిసిన ‘ఈత’ అనే మాటను, దాని నుంచి పుట్టిన ‘ఈతగాడు’ను పరిశీలిస్తే చాలు.

2. ‘ఈత’ – రూపసామ్యం, అర్థభేదం

‘ఈదు’ ద్రావిడధాతువు. తమిళ మలయాళాల్లో ‘నీందు’, కన్నడంలో ‘ఈజు’, ‘ఈసు’ రూపాలు దీనికి సజాతీయాలు. తెలుగు కన్నడాల్లో పదాది నకారం కనిపించదు. ప్రాచీన లేఖనంలో ‘ఈఁదు’ అని అరసున్నతో రాయడం తమిళరూపంలోని అనునాసికానికి తెలుగులో మిగిలిన గుర్తు.

నకారం లేకపోవడం వల్ల తెలుగులో ఒక విశేషస్థితి ఏర్పడింది. నీటిలో ఈదడం ‘ఈత’. కల్లు గీసే చెట్టు ‘ఈత’. పశువు ఈనడం కూడా ‘ఈత’. ‘మొదటి ఈత బర్రె’, ‘ఈత కల్లు’, ‘బాయిల ఈత’ అనే మూడు ప్రయోగాలూ వరంగల్ పల్లెల్లో ఒకే రోజున, ఒకే నోట వినిపిస్తాయి. తమిళంలో ఈ మూడింటి ధాతువులు వేరువేరు రూపాలతో నిలిచాయి. తెలుగులో సందర్భమే వాటిని విడదీస్తుంది.

‘గాడు’ చేరగానే ఈ సందిగ్ధత తొలగిపోవడం ఇక్కడ ముఖ్యాంశం. ఈతచెట్టు గీసేవారిని ఎవరూ ‘ఈతగాడు’ అనరు. ఆ వృత్తికి ‘గీత’ అనే మరో మాట, గౌడ అనే కులనామం ఉన్నాయి. పశువుల ఈతతో ‘గాడు’కు పొత్తే లేదు. కనుక ‘ఈతగాడు’ మూడు అర్థాల్లో ఒకదానినే స్వీకరించిన పదం. అర్థం విషయంలో ఇంత నిశ్చితమైన ఈ పదం గౌరవం విషయంలో అనిశ్చితంగా ఉండడమే ఈ వ్యాసానికి ప్రేరణ.

3. ‘కాడు’, ‘గాడు’, ‘కత్తె’

వేటకాడు–వేటగాడు, పాటకాడు–పాటగాడు వంటి జంటల్లో కనిపించే ‘కాడు’ ఒక తద్ధితప్రత్యయం. ఒక పనిలో నేర్పు, అలవాటు, వృత్తి ఉన్న పురుషుణ్ని అది సూచిస్తుంది. అందువల్ల ఈతగాడు అంటే ఈదుతున్నవాడు కాడు, ఈతలో ఆరితేరినవాడు. చెరువులో పడి ఒడ్డుకోసం చేతులు కొట్టుకునే మనిషి ఈదుతూ ఉండవచ్చు కాని ఈతగాడు కాడు.

అయితే వాడుకలో మరో ‘గాడు’ ఉంది. అది వ్యక్తినామాలకు చేరి చనువునో తిరస్కారాన్నో తెలుపుతుంది. వ్యుత్పత్తి ఏదైనా వినేవారి చెవికి ఈ రెండు ‘గాడు’లూ ఒకటే. ఫలితంగా ‘ఈతగాడు’ నేర్పును చెబుతూనే మనిషిని ఏకవచనంలోకి దించుతుంది. దీనికి క్రియాన్వయమే సాక్ష్యం. ‘ఈతగాడు వచ్చాడు’ సహజం. ‘ఈతగాడు వచ్చారు’ అనలేము. ‘ఈతగారు’ అనే రూపమే లేదు. గౌరవించదలచినవారు ‘ఈతగాళ్లు’ అనే బహువచనాన్ని ఆశ్రయించాలి. అది అనేకుల్ని చెబుతుంది కాని ఒక్కరిని గౌరవించదు.

స్త్రీవాచకంలో సమస్య మరింత జటిలం. వ్యాకరణరీత్యా ‘ఈతకత్తె’ నిర్దుష్టరూపం. కాని అందగత్తె, వన్నెకత్తె, చెలికత్తె వంటి మాటల వల్ల ‘కత్తె’ రూపసౌందర్యానికో పరిచర్యకో పరిమితమైంది. ‘ఆటగాడు’ క్రీడారంగంలో గౌరవస్థానం పొందితే ‘ఆటకత్తె’ ఆ స్థానానికి చేరలేదు. ఆమె కోసం ‘క్రీడాకారిణి’ అనే సంస్కృతరూపం కావలసివచ్చింది. ఈత విషయంలో అదీ జరగలేదు. 2021 మార్చిలో పాక్ జలసంధిని ఈదిన గోలి శ్యామల వంటివారి గురించి రాయవలసివచ్చినప్పుడు తెలుగు ‘స్విమ్మర్’ను అరువు తెచ్చుకుంటుంది.

పొరుగుభాషల స్థితి వేరు. కన్నడంలో ‘ఈజుగార’కు ‘ఈజుగార్తి’ స్త్రీరూపం ఉంది; క్రీడావార్తల్లో ‘ఈజుపటు’ అంటారు. తమిళంలో ‘నీచ్చల్ వీరర్’, ‘నీచ్చల్ వీరాంగనై’ వాడుకలో స్థిరపడ్డాయి. సమానధాతువు నుంచి పుట్టిన పదాలకు ఆ భాషలు గౌరవాన్నీ లింగభేదాన్నీ సమకూర్చుకున్నాయి. కాబట్టి తెలుగులోని లోటుకు ధాతువు కారణం కాదు. ప్రయోగం విషయంలో మనం చూపిన నిర్లక్ష్యమే కారణం.

4. ‘గజ’ శబ్దం

‘గజ ఈతగాడు’లోని ‘గజ’ను కొలతవాచకమైన ‘గజం’తో ముడిపెట్టి, గజాల లోతు మునిగేవాడని వివరించే అవకాశం ఉంది. కాని అదే ‘గజ’ కనిపించే గజదొంగ, గజనిమ్మ పదాలకు ఆ వివరణ పొసగదు. ఏనుగుపల్లేరు వంటి దేశీపదాల్లో ‘ఏనుగు’ పెద్ద రకాన్ని తెలిపినట్లే ఇక్కడ ‘గజ’ ఆధిక్యబోధకం. ఏనుగు బాగా ఈదే జంతువే అయినా ఈ సమాసానికి ఆ లక్షణం ఆధారమని చెప్పలేము. అలా అయితే గజదొంగకు వేరే కారణం వెతకాలి. పోతన భాగవతంలోని గజేంద్రుడు మడుగులో మొసలికి చిక్కి బలం కోల్పోయినవాడు; ఆ కథ నుంచి ఈ పదం పుట్టే అవకాశం మరీ తక్కువ. ‘గజదొంగ’లో నిందను పెంచిన ‘గజ’ ఇక్కడ నేర్పును పెంచుతోంది. అయినా ‘గాడు’ వల్ల కలిగే న్యూనతను అది పూరించలేకపోయింది.

5. పత్రికాభాషలో ‘గజ ఈతగాళ్లు’

నేటి వార్తల్లో ఈ పదం దాదాపుగా రెండు సందర్భాల్లోనే కనిపిస్తుంది. మొదటిది ప్రమాదం. ఎవరో చెరువులోనో కాలువలోనో గల్లంతవుతారు, పోలీసులు గజ ఈతగాళ్లను రప్పిస్తారు, వారు గాలిస్తారు, మృతదేహం లభిస్తుంది. మృతుని పేరు, ఊరు, వయస్సు, కేసు నమోదుచేసిన అధికారి పేరు వార్తలో ఉంటాయి. నీటి అడుగుకు వెళ్లినవారి పేరు సాధారణంగా ఉండదు.

రెండవది నిమజ్జనం. వినాయకచవితి, బతుకమ్మ ఏర్పాట్లను వివరించే వార్తల్లో ‘క్రేన్లు, విద్యుద్దీపాలు, బారికేడ్లు, గజ ఈతగాళ్లను సిద్ధంగా ఉంచారు’ అనే తీరు వాక్యాలు పరిపాటి. మనుషుల్ని పరికరాలతో ఒకే పట్టికలో చేర్చి, అన్నింటికీ ‘ఉంచు’ అనే ఒకే క్రియను అన్వయించడం ఈ వాక్యాల లక్షణం. అదే పట్టికలో వైద్యులున్నప్పుడు ‘వైద్యులు అందుబాటులో ఉంటారు’ అని కర్తృస్థానం ఇస్తాము. ఈతగాడికి వాక్యంలో కర్తృత్వం దక్కడం లేదు.

ఇందులో సామాజికకోణం కూడా ఉంది. తెలంగాణలో చెరువును నమ్ముకొని బతికే గంగపుత్ర, బెస్త, ముదిరాజ్ వర్గాలకు ఈత వినోదం కాదు, వృత్తిలో భాగం. కొలనులో శిక్షణ పొంది పతకం సాధించినవారికి ‘స్విమ్మర్’, చెరువులో పుట్టి పెరిగి ఇతరుల బిడ్డల్ని వెలికితీసేవారికి ‘ఈతగాడు’ అని పదాలు పంచుకుపోవడం యాదృచ్ఛికం కాదు. ఒకే విద్యకు రెండు పేర్లు రావడంలో వర్గభేదం భాషాభేదంగా మారింది.

6. తరించడం, ఈదడం

సంస్కృతంలోని ‘తౄ’ ధాతువు దృష్టి ఆవలిగట్టు మీద ఉంటుంది. తరణం, తీర్ణం, తారకం అన్నీ దాటడాన్ని చెబుతాయి. పరీక్షలో నెగ్గినవారు ‘ఉత్తీర్ణులు’ కావడం ఈ ధాతువు చలవే. తెలుగు ‘ఈదు’ మాత్రం నీటి మధ్యలోని శ్రమను చెబుతుంది. ఒడ్డు చేరడానికి ‘గట్టెక్కు’ అనే వేరే మాట ఉంది. అందుకే ‘సంసారాన్ని తరించాడు’ అన్నది ఆధ్యాత్మికవాక్యం. ‘సంసారాన్ని ఈదుకొచ్చింది’ అన్నది ఇంటివాక్యం. మొదటిదానిలో బంధవిముక్తి ఉంటే రెండవదానిలో బాధ్యతానిర్వహణ ఉంది.

రెండవ వాక్యంలో కర్త తరచుగా స్త్రీ కావడం గమనించాలి. భర్త మరణించాక పిల్లల్ని పెంచిన తల్లి గురించీ అప్పుల మధ్య ఇల్లు నిలిపిన ఇల్లాలి గురించీ ‘ఒక్కతే ఈదుకొచ్చింది’ అంటాము. క్రియను ఆమెకు ఉదారంగా ఇచ్చిన భాష, ఆ క్రియ నుంచి పుట్టే కర్తృవాచకాన్ని మాత్రం పురుషరూపంలోనే నిలిపింది.

7. వాడుకలో ఉన్న పరిష్కారం

తెలుగులో ఈత మనిషికి ‘వస్తుంది’. ‘నాకు ఈత వచ్చు’ అనే వాక్యంలో మనిషి చతుర్థిలో ఉంటాడు, విద్య కర్తగా ఉంటుంది. ఈ నిర్మాణం నుంచే తెలంగాణ వాడుకలో ‘ఈతొచ్చినోడు’, ‘ఈతొచ్చినామె’, ‘ఈతొచ్చినాయన’, ‘ఈతొచ్చినోల్లు’ అనే రూపాలు ఏర్పడుతున్నాయి. చనువు, గౌరవం, స్త్రీత్వం, బహుత్వం నాలుగూ ఇందులో ఇమిడాయి. తద్ధితం ఇవ్వలేని వెసులుబాటును విశేషణక్రియ ఇచ్చింది.

ఈ రూపాలు సామర్థ్యాన్ని మాత్రమే చెబుతాయి, నైపుణ్యాన్ని చెప్పవని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ కొంతవరకు సబబే. కాని ‘బాగ ఈతొచ్చినాయన’ అన్నప్పుడు నైపుణ్యమూ గౌరవమూ రెండూ సిద్ధిస్తున్నాయి. కొత్తపదాలు కల్పించే ముందు ఉన్న పదాలను ప్రమాణభాషలోకి అనుమతించాలన్నది కాళోజీ ఆలోచనకు అనుగుణమైన మార్గం. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఇటువంటి రూపాలు నిఘంటువుల్లోకి, పత్రికాశైలిలోకి రానంతవరకు ఆ ఉత్సవం అసంపూర్ణమే.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలివి.

1. ‘ఈత’కు గల మూడు అర్థాల్లో జలసంబంధమైన అర్థాన్నే ‘ఈతగాడు’ స్వీకరించింది.

2. నైపుణ్యార్థక ‘కాడు’, తిరస్కారార్థక ‘గాడు’ శ్రవణంలో ఏకం కావడం వల్ల ఈ పదానికి గౌరవ ఏకవచనం ఏర్పడలేదు.

3. ‘ఈతకత్తె’ వ్యాకరణసమ్మతమైనా వాడుకలో బలపడలేదు. ఆ ఖాళీని ‘స్విమ్మర్’ ఆక్రమించింది.

4. పత్రికాభాష గజ ఈతగాళ్లను పేరులేని సమూహంగా, కొన్నిచోట్ల ఉపకరణంగా చూపుతోంది. వారి పేర్లు రాయడం, వారికి కర్తృస్థానం ఇవ్వడం వెంటనే చేయదగిన సవరణలు.

5. ‘ఈతొచ్చినాయన’, ‘ఈతొచ్చినామె’ వంటి రూపాలు ఈ లోపాన్ని చాలావరకు పూరించగలవు.

వేటగాడు, పాటగాడు, పనిగాడు మొదలైన పదాలను కూడా ఈ దృష్టితో పరిశీలిస్తే శ్రమకూ భాషాగౌరవానికీ ఉన్న సంబంధం మరింత స్పష్టమవుతుంది. మనిషి ప్రాణం కోసం నీళ్లలోకి దుంకే వ్యక్తిని గౌరవవాచకంతో చెప్పగలగడం భాష తీర్చవలసిన కనీసఋణం.