చివరి బెంచీలో కూర్చునే మేష్టార్లు

బీఈడీ ఇంటర్న్‌షిప్ రోజుల్లో కొల్లేరు దగ్గరి గణపవరం వైపు ఏ హైస్కూలుకైనా వెళితే, తరగతిలో చివరి బెంచీ చూడండి. కాలేజీ లెక్చరరు, ఆ బడి సైన్సు టీచరు పక్కపక్కన కూర్చుని ఛాత్రోపాధ్యాయురాలి పాఠం వింటుంటారు. నాకు ఎంతో గౌరవమున్న పని అది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది. కనీసం 20 వారాలు బడితో ముడిపడ్డాయి.

అసలు విద్య పాఠం అయ్యాక మొదలవుతుంది. కిరణజన్య సంయోగక్రియకు పాఠ్యపథకం ఎలా రాయాలో లెక్చరరుకు తెలుసు. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం పిల్లలు గట్టుమీంచి చూశారని బడి టీచరుకు తెలుసు. రాత్రి వెలుతురు లేక నాచు ఆక్సిజన్ తయారుచేయదు, ఉన్నదాన్ని వాడుకుంటుంది. ఏరేటర్లు తిప్పేది అందుకే. ఇద్దరూ కలిస్తే మర్నాటి పాఠం చెరువుగట్టు నుంచే మొదలవుతుంది. కొల్లేటి పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల ఎక్కడుంది?

లెక్చరరు పడే ఈ శ్రమ పరిశోధనపత్రాల్లా లెక్కలోకి రాదు. రావాలి. విశ్వవిద్యాలయాలు బడి టీచరును సహబోధకుడిగా గుర్తించి, ఛాత్రోపాధ్యాయులకు మార్కులు వేసేటప్పుడు ఆయన మాటకూ సమాన విలువ ఇవ్వాలి.