ఆడపిల్లల చేతి డప్పు

ఈ యేటి ఉగాది సభలో మన బాలికలు పదునలుగురు డప్పు వాయించారు. సభికులందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అయితే మెచ్చుకోలు వేరు, విమర్శ వేరు. మన పాఠక మహాశయులు రెండవదానిని కూడా ఓర్చుకోగలరని నమ్మి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మన రామభజనలో దీపం చుట్టూ తిరిగి పాడేటప్పుడు మద్దెల మగవారి చేతిలోనే ఉండటం నేను చూస్తూ పెరిగాను. నా పన్నెండవ యేట, సాయంకాలపు తెలుగు తరగతి ముగిశాక, మద్దెల ముట్టుకోబోతే ఒక పెద్దాయన "నీకు తాళాలు చాలు తల్లీ" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. నాకు గుణింతాలు దిద్దించినవారే. కాని ఆ మాట ఇంకా చెవిలో ఉంది. కాబట్టి మన పిల్లలు భుజానికి డప్పు తగిలించుకుని, కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టుకుని వేదిక ఎక్కగానే నా కళ్ళు చెమర్చాయి.

ఆ తరువాత రికార్డు పాట మొదలయింది. పిల్లల దెబ్బలు దాని క్రింద నలిగిపోయాయి. తెర ప్రక్కన మాస్టారు వ్రేళ్ళతో లెక్క చూపిస్తున్నారు. పదునాలుగు జతల కళ్ళు ఆయన మీదనే! రెండవ వరుస చివరనున్న అమ్మాయి ఒకచోట దెబ్బ తప్పింది. ఆమె ప్రక్కనున్న పిల్ల వైపు చూడలేదు, తెర వైపు చూసింది. నా అభ్యంతరమంతా అక్కడే. గుంపుగా వాయించడంలో ఆడపిల్లకు దొరికే బలం ఏమిటి? తాను తడబడితే ప్రక్కదాని దెబ్బ పట్టుకుని మళ్ళీ లోపలికి రావడం. ప్రక్కది తడబడితే తాను నిలబడి ఉండడం. ఇది వినడం వల్ల వస్తుంది, తెర వైపు చూడడం వల్ల రాదు.

మన పొరుగునే భోజ్‌పురి అక్కచెల్లెళ్ళ గీత్ గవాయి ఉంది. పెళ్ళికి ముందు ఆడవారు కూర్చుని ఢోలక్, లోటా, చెంచాలతో పాడతారు. వారికి లెక్క చెప్పడానికి మగవారెవరూ నిలబడరు. 2016లో యునెస్కో దానిని గుర్తించింది. అంతకు రెండేళ్ళ ముందు, 2014లో, సెగాకు ఆ గౌరవం దక్కింది. సెగాలోని రవాన్ మేకతోలుది, వాయించే ముందు మంట దగ్గర వెచ్చచేస్తారు. తోలు డప్పునూ అంతే. మన పిల్లలవి ప్లాస్టిక్ డప్పులు. వానల దేశంలో అది సుళువే, కాదనను. అయినా ఒక్కటైనా తోలుది ఉంటే, కాగేకొద్దీ స్వరం ఎలా బిగుస్తుందో పిల్లలు తమ చెవులతో వింటారు కదా!

మరొకటి. వ్యాఖ్యాత డప్పును "తెలుగువారి ప్రాచీన మంగళవాద్యం" అన్నారు. ఇది సగం మాట. తెలుగునాట దానిని జాతరలో, చావులో, చాటింపులో వాయించినవారు మాదిగలు. వాయిద్యం కావాలి, వాయించేవాడు మాత్రం ఊరి బయట ఉండాలి అన్నది అక్కడి పాత పద్ధతి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం దండోరా అనే పేరునే తలకెత్తుకుంది. తమిళనాట దిండిగల్లులోని శక్తి జానపద కళాకేంద్రం దళిత బాలికలకు పరై నేర్పుతూ వచ్చింది. జోయ్ షెరీనియన్ అనే పరిశోధకురాలు దాని మీద శక్తి వైబ్రేషన్స్ అనే చిత్రం తీశారు. ఏ వాద్యం కారణంగా తమవారు అవమానపడ్డారో, దానినే ఆ పిల్లలు తలయెత్తి వాయిస్తారు. మనమేమో కోరంగి రేవు నుండి ఓడ ఎక్కినవారిలో ఎవరిది ఏ పేట అని అడగకుండా మూడు నాలుగు తరాలు గడిపాము. అడగకపోవడం మంచిదే కావచ్చు. కాని డప్పును పిల్లల భుజాన వేసేటప్పుడు దాని కథను దాచడం మంచిది కాదు. పదేళ్ళ పిల్లకు అర్థమయ్యేటట్లు చెప్పవచ్చు. ముప్పై యేళ్ళుగా బడిలో పాఠం చెబుతున్నదానిని, ఆ మాత్రం పూచీ ఇవ్వగలను.

మాస్టారి శ్రమను నేను తక్కువ చేయడం లేదు. ఆదివారాలన్నీ పిల్లలకే ఇచ్చారని తల్లులు చెప్పారు. ఆయనకు నా మనవి ఒక్కటే. వచ్చే దీపావళికి ఆ రికార్డు పెట్టెను ఇంటిదగ్గర వదిలి రండి. మీరు మా ప్రక్కన, సభలో కూర్చోండి. మొదటి దెబ్బ ఆ రెండవ వరుస చివరి అమ్మాయిని వేయనివ్వండి.