రుద్రమ గొడుగు

వేసవి సెలవుల్లో రాజోలులో అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఎండలో బయటికి వదల్లేక, పిల్లలకి గుణశేఖర్ తీసిన 'రుద్రమదేవి' (2015) పెట్టాం. ఎనిమిదేళ్ళ మా అక్క కూతురు కాసేపు చూసి, "పిన్నీ, అమ్మాయి పుడితే అబ్బాయని అబద్ధం చెప్పారేంటి?" అంది.

"అమ్మాయైతే సింహాసనం ఎక్కనివ్వరని."

"మరి ఎక్కిందిగా?"

సినిమా ఇరుక్కుపోయింది సరిగ్గా ఇక్కడే. అనుష్క కష్టపడింది, కోటలు పెద్దగా ఉన్నాయి, అల్లు అర్జున్ గోన గన్నారెడ్డి పిల్లల్ని నవ్వించాడు. కానీ కథని నడిపించేది రహస్యం. రుద్రమ ఎలా ఏలింది అన్న ప్రశ్న వెనక్కి పోయి, ఎప్పుడు దొరికిపోతుంది అన్న ప్రశ్న ముందుకొచ్చింది. పిల్లల కోసం మనం చెప్పుకునే రుద్రమ కథల్లో కూడా చాలావరకు ఇదే వరస: మగవేషం, కత్తి, చివర్లో కిరీటం.

శాసనాలు చదివితే ఆ రహస్యం నిలబడదు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతుర్ని కొడుకులా చూసుకుని రుద్ర అని పేరు పెట్టాడని విద్యానాథుడు 'ప్రతాపరుద్రీయం'లో చెప్పాడు. అమరావతి దగ్గరి మల్కాపురంలో 1261 నాటి శాసనం, మందడం గ్రామాన్ని దానంగా ఇచ్చిన రుద్రమని గణపతిదేవుడి కూతురిగానే చెబుతుంది. ఆవిడ పెళ్ళాడింది మన గోదావరి ఒడ్డు సంబంధమే, నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి. కొడుకని ఊరంతా నమ్మించి అల్లుణ్ణి తెచ్చుకోలేరు కదా!

మరి శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అని ఎందుకుంది? నాకు తోచిన జవాబు ఇది. రాణి అంటే వాడుకలో రాజుగారి భార్య. ఏలే మనిషికి ఉన్న మాట మహారాజే. ఆవిడ ఆ మాటనే తీసుకుంది. అది మారువేషం కాదు, పదవి పేరు. మార్కో పోలో అంతటివాడు కూడా ఆవిడ న్యాయాన్ని మెచ్చుకుంటూనే, చనిపోయిన రాజుగారి భార్య అని రాసుకున్నాడు. ఏలుతున్న ఆడమనిషి ఒకరి కూతురై ఉండొచ్చని ఆయనకి తట్టినట్టు లేదు. 2007లో ప్రతిభా పాటిల్ని మనం 'రాష్ట్రపతి' అనే పిలిచాం. ఎవరూ ఆవిడ మగవేషం వేసిందనుకోలేదు.

అంటే అంతా బాగుందని కాదు. సింహాసనం దొరికింది కానీ, దాని మీద కూర్చున్న ఆడమనిషికి సొంత మాట దొరకలేదు. పిల్లలకి చెప్పాల్సిన కష్టం ఇదీ. రహస్యం కన్నా ఇది చెప్పడం కష్టం, అందుకే సినిమా దాటేసింది.

ఆ సాయంత్రం మా పిల్లలకి పట్టాభిషేకం గురించి నా పద్ధతిలో చెప్పాను. కిరీటంతో మొదలుపెట్టలేదు. పట్టం అంటే నుదుటికి కట్టేది, పెళ్ళిలో బాసికం కడతారే, అలాంటిది అన్నాను. ఎన్నికలప్పుడు "ప్రజలు పట్టం కట్టారు" అని పేపర్లో రాసేది ఆ మాటే. అభిషేకం వాళ్ళకి తెలుసు, కార్తీకమాసంలో శివాలయంలో చూసిందే. ఇక గొడుగు. అంతర్వేది తీర్థంలో స్వామి మీద పట్టే గొడుగు వాళ్ళు చూశారు. "ఎండకి పట్టేది ఎవరైనా పడతారు, ఇది ఎందుకు?" అంటే, "ఈయన నీడలో మనమంతా ఉన్నామని" అంది పెద్దది. నేను చెప్పాలనుకున్నది తనే చెప్పేసింది.

అప్పుడు వరంగల్ దగ్గర బొల్లికుంట శిల్పాల గురించి చెప్పాను. అక్కడి రెండు శిల్పాలు రుద్రమవని 2017లో పురావస్తు శాఖవాళ్ళు గుర్తించారు. ఒకదాంట్లో గుర్రం మీద ఉంది, తల మీద గొడుగు ఉంది. రెండోదాంట్లో అలసిపోయి తల వాల్చి కూర్చుంది. గుర్రం లేదు, గొడుగు లేదు, యముడి దున్నపోతు ఉంది. ఆవిడ మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది. ఆ శిల్పి ఒక్క అక్షరం చెక్కకుండానే రాజ్యం పోయిందని చెప్పాడు. గొడుగు తీసేశాడు, అంతే.

పిల్లలు కాసేపు మాట్లాడలేదు. రెండున్నర గంటల పైచిలుకు సినిమా ఆ నిశ్శబ్దాన్ని తేలేకపోయింది. గుర్తులంటే నగలు కావు, మాటలు. వాటిని చదవడం నేర్పితే పిల్లలు రాణి కథని మనకన్నా బాగా చదువుతారు. "ఆ గొడుగు పట్టుకుంది ఎవరు?" అని అడిగింది మా అక్క కూతురు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఈసారి రుద్రమ మీద పిల్లల పుస్తకం రాసేవాళ్ళు అక్కణ్ణుంచి మొదలుపెడితే బాగుండును.