తూకానికి అందని నలుపు

పాత వెండి సామాన్లనూ జపాన్ కళావస్తువులనూ ఒకే రోజు వేలానికి పెట్టే సంస్థలు ఇంగ్లండులో, అమెరికాలో చాలానే ఉన్నాయి. వాళ్ళ కేటలాగుల్లో పక్కపక్క పేజీలు పోల్చి చూస్తే ఒక తేడా కళ్ళబడుతుంది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు కాఫీ కూజా కింద చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం, ఎత్తు రాసి, ఆఖర్న తూకం రాస్తారు, ఇన్ని ఔన్సులని. తర్వాతి పేజీలో మెయిజీ కాలపు, అంటే దాదాపు 19వ శతాబ్దం చివరి దశాబ్దాల నాటి, జపాన్ లోహపు కూజా ఉంటుంది. దాని కింద ఎత్తు ఉంటుంది, సంతకం ఉంటుంది, ఏ లోహంలో ఏ లోహం పొదిగారో ఉంటుంది. తూకం మాత్రం సాధారణంగా ఉండదు. కొనేవాళ్ళు అడగరు కూడా. ఆ ఒక్క అంకె ఒకచోట ఉండటం, మరోచోట లేకపోవటం చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, చేతిపనికి మనుషులు ఎలా విలువ కడతారో అందులోనే ఉంది. నేననేది ఇదీ: వెండికి దాని ఖరీదే శత్రువు. తూచి అమ్మడానికి వీలైన పనితనం ఎంత గొప్పదైనా ఏదో ఒకనాడు మూసలోకి పోయే భయంతోనే బతుకుతుంది. తూకంలో పెద్దగా పలకని లోహంలో చేసిన పని, పనిగానే మిగిలిపోతుంది.

ఇది ఊహ కాదు, జరిగిన చరిత్రే. ఫ్రాన్సు రాజు 14వ లూయీ వెర్సాయ్ భవనానికి బల్లలు, దీపస్తంభాలు, చివరికి నారింజ చెట్ల తొట్లు కూడా వెండితో చేయించాడు. క్లోద్ బలాఁ లాంటి మేటి పనివాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన పని అది. 1689లో యుద్ధానికి డబ్బు కావలసి వస్తే ఆ రాజే వాటిని టంకశాలకు పంపించాడు. సుమారు 20 టన్నుల వెండి కరిగిపోయింది. చేతికొచ్చిన సొమ్ము, చేయించడానికి అయిన ఖర్చులో చిన్న భాగం. ఆ సామాన్లు ఎలా ఉండేవో చూడాలంటే ఇవాళ చిత్రాల్లోనూ, గోడకు వేలాడే నేత తెరల మీదా వెతుక్కోవాలి. ఇంగ్లండులో ఇదే కథ ఎదురు దిశలో నడిచింది. అక్కడ జనం నాణేల అంచులు కత్తిరించి, కరిగించి గిన్నెలు చేసేవారు. దాన్ని ఆపడానికి 1697లో ప్రభుత్వం సామాన్ల వెండి నాణ్యతను నాణెం కంటే పెంచి, వెయ్యికి 958 పాళ్ళు ఉండి తీరాలంది. 1720 దాకా అదే చట్టం. నాణేనికీ గిన్నెకూ నడుమ గోడ ఎంత పలచనో దీన్నిబట్టి తెలుస్తుంది. మన కాలానికి దగ్గరగా వస్తే, 1979 మొదట్లో ఔన్సు 6 డాలర్ల దగ్గరున్న వెండి, టెక్సస్‌కు చెందిన హంట్ సోదరులు ఎడతెగకుండా కొంటూ పోవడంతో 1980 జనవరికి 50 డాలర్ల అంచుకు చేరింది. పాత పళ్ళేలు, చెంచాలు, దీపపు సెమ్మెలు సంచుల కొద్దీ కొలుములకు తరలిపోయాయి. మార్చి నెలాఖరుకు ధర కుప్పకూలింది. ధర దిగినంత మాత్రాన కరిగిన కూజా తిరిగి రాదు కదా. 2025 అక్టోబరులో వెండి ఆ 50 డాలర్ల గీతను దాటింది. అందుకే ఈ మాట ఇప్పుడు చెప్పవలసి వస్తోంది.

మన వెండి దుకాణాల్లో ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. కంచం కొనేటప్పుడు మజూరీ కడతాం, తరుగు కడతాం. అదే కంచాన్ని పదేళ్ళ తర్వాత మార్చుకోబోతే మజూరీ ఊసే ఎత్తరు. కాటాలో పెట్టి, అతుకుల కింద కొంత కోసేసి, మిగిలినదానికి ఆనాటి ధర కడతారు. చేసినవాడి చెయ్యి మనం కొనేనాడు ఖర్చు, అమ్మేనాడు సున్నా. కరీంనగర్ వెండి తీగపనినే తీసుకోండి. సన్నగా లాగిన తీగను మెలిపెట్టి, నొక్కి, వంకీలు తిప్పి, చట్రంలో ఒక్కో వంకీ కూర్చి అతికితే ఒక అత్తరుదాని తయారవుతుంది. అది తూకంలో తేలిక, పనిలో బరువు. గ్రాముకెంత అని అడిగే మనిషి ముందు ఆ పనివాడు బేరం మొదలవకముందే ఓడిపోయాడు.

ఇప్పుడు జపాన్ వైపు చూద్దాం. 1876 మార్చిలో అక్కడి ప్రభుత్వం, సైన్యం పోలీసులు వంటి కొందరు తప్ప మిగతావాళ్ళెవరూ కత్తి కట్టుకుని తిరగరాదని ఆజ్ఞ ఇచ్చింది. కత్తి పిడికి అలంకారాలు, పిడికీ అలుగుకీ నడుమ ఉండే త్సుబా అనే బిళ్ళ చెక్కుతూ తరాలుగా బతికిన ఇళ్ళకు పని పోయింది. అయితే అప్పటికే మరో తలుపు తెరుచుకుంది. 1873లో వియన్నా ప్రదర్శనలో జపాన్ వస్తువులకు వచ్చిన ఆదరణ చూసి, మరుసటి ఏడే కిరిత్సు కోషో కైషా అనే ఎగుమతి సంస్థ మొదలైంది. కత్తులు అలంకరించిన చేతులు పూలకూజాలకు, ధూపపాత్రలకు, పెట్టెలకు మళ్ళాయి. కత్తి అలంకారాలతో పని మొదలుపెట్టిన కానో నత్సువో కొత్త ప్రభుత్వపు నాణేలకు అచ్చులు చెక్కాడు, 1890లో చక్రవర్తి ఆస్థాన కళాకారుడయ్యాడు. ఈ చేతులు తమతో తెచ్చుకున్నది ఉలి పదును ఒక్కటే కాదు, లోహానికి రంగు పుట్టించే విద్య కూడా.

ఆ విద్యను దగ్గరగా చూడాలి. షకుదో అంటే రాగిలో నూటికి కొద్ది పాళ్ళు మాత్రమే బంగారం కలిపిన లోహం. కొలిమి నుంచి వచ్చినప్పుడు చూస్తే మామూలు రాగే అనిపిస్తుంది. షిబుయిచి అంటే ‘నాలుగో వంతు’ అని అర్థం, మూడు వంతుల రాగికి ఒక వంతు వెండి. వస్తువును పూర్తిగా చెక్కి, పొదిగి, నునుపు దేల్చి, వేలి జిడ్డు కూడా లేకుండా శుభ్రం చేస్తారు. ముల్లంగి తురుము పట్టిస్తారు, అది లేకపోతే రంగు మచ్చలు మచ్చలుగా దిగుతుంది. ఆపైన రాగి లవణాలు కలిపిన వేడినీళ్ళలో ముంచి కదుపుతూ ఉంటారు. అదే నీరు, అదే సమయం. రాగి ఎర్రబారుతుంది, షిబుయిచి బూడిదరంగుకు దిగుతుంది, షకుదో నీలి ఛాయ తేలే నల్లనవుతుంది. పక్కనే పొదిగిన బంగారం బంగారంలా, వెండి వెండిలా ఉండిపోతాయి. పైన పూసిన రంగు ఇందులో ఏదీ లేదు. ఏ లోహం ఎలా స్పందిస్తుందో ముందే తెలిసి, ముంచకముందే చిత్రమంతా మనసులో చూసుకున్న పని ఇది. జపనీయులు షకుదోను కాకి లోహం అని కూడా అంటారు. ఇక్కడ బంగారం తాను కనబడటానికి రాలేదు, నలుపు పుట్టించడానికి వచ్చింది. మన అలవాట్లలో పెరిగిన కంటికి ఇంతకంటే వింత ఉండదు. బంగారం ధరను ఎవరూ చూడలేని చోట ఖర్చు చేసి, దానికి బదులుగా ఒక ఛాయ తెచ్చుకున్నారు. ఆ బంగారాన్ని మళ్ళీ రాబట్టాలంటే రాగిలోంచి విడదీసే శుద్ధి కావాలి, దుకాణంలో కాటా మీద పెట్టి తేల్చే బేరం కాదది.

ఈ రెండు దారులూ ఒకచోట కలిశాయి, న్యూయార్క్‌లో. టిఫనీ సంస్థ వెండి విభాగాన్ని నడిపిన ఎడ్వర్డ్ మూర్ జపాన్ వస్తువులను సేకరించి, తన పనివాళ్ళ ముందు పెట్టాడు. ఫలితంగా వచ్చిన కూజాల మీద సుత్తి దెబ్బలను నునుపు చేయకుండా అలాగే వదిలారు. వాటి మీద రాగి చేపలు, ఇత్తడి ఆకులు, రంగుమారిన మిశ్రమ లోహాల తూనీగలు అతికారు. 1878 పారిస్ ప్రదర్శనలో ఆ వెండిపనికి గ్రాండ్ ప్రీ దక్కింది. లండన్ పనివాడికి ఇంతటి నేర్పు లేక కాదు, చట్టం ఒప్పుకోలేదు. వెండి శుద్ధికి గుర్తైన స్టెర్లింగ్ ముద్ర పడాలంటే వెండి మీద నాసి లోహం అతకకూడదు. అందువల్ల అక్కడ జపాన్ తరహా అంటే వెదురు కొమ్మలు, కొంగలు చెక్కి పైన బంగారు పూత వేసేదాకానే పోగలిగారు. అమెరికాలో అలాంటి ముద్రల చట్టం లేకపోవడం ఆ ఒక్క విషయంలో పనివాడికి కలిసొచ్చింది. లోహం శుద్ధిని కాపాడటానికి పెట్టిన కట్టడి, లోహంతో ఆడుకునే చేతిని కట్టేసింది.

దీనికి ఇంగ్లీషు వెండి ప్రేమికులు గట్టి జవాబే ఇస్తారు, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. ఆ ముద్రలే లేకపోతే ఏ కూజా ఎవరిదో మనకెలా తెలిసేది అంటారు. నిజమే. ఆ ముద్రల్లో చిరుతపులి తల 1300 నుంచి, పనివాడి గుర్తు 1363 నుంచి, సంవత్సరాన్ని సూచించే అక్షరం 1478 నుంచి, నడిచే సింహం 1544 నుంచి ఉన్నాయి. భర్త పోయాక 1761లో తన పేర ముద్ర నమోదు చేయించుకుని కార్ఖానా నడిపిన హెస్టర్ బేట్‌మన్‌ను ఇవాళ వస్తువు వస్తువుకీ గుర్తుపట్టగలుగుతున్నామంటే ఆ చిన్న ముద్రల చలవే. అయినా అవి పుట్టింది పనివాడిని గౌరవించడానికి కాదు. వెండి తక్కువైతే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి. పైగా తూకం మీద పన్ను పడగానే ముద్ర కూడా అబద్ధం చెప్పింది. 1720 నుంచి 1758 దాకా ఔన్సుకు 6 పెన్నీల సుంకం ఉండేది. అది ఎగ్గొట్టడానికి కొందరు చిన్న వస్తువుకు ముద్ర వేయించి, ఆ ముక్కను కోసి పెద్ద కూజా అడుగున అతికేవారు. 18వ శతాబ్దపు మహా శిల్పి అని పేరున్న పాల్ ద లామెరీ పనిలో కూడా ఇలాంటివి ఉన్నాయి. మరి ఆ కూజా గొప్పదనాన్ని ఏది నిలబెట్టింది? ముద్ర కాదు, దాని మీద సుత్తి చేసిన పని.

తూకం అసలు రాయనే వద్దని నేననటం లేదు. పాత ఇంగ్లీషు వెండి అడుగు భాగాన తరచు సూదితో గీసిన అంకెలు కనిపిస్తాయి. తయారైననాటి తూకం అది, ఔన్సుల్లో, ఔన్సులో 20వ వంతైన పెన్నీవెయిట్లలో. ఇవాళ తూచి ఆ పాత అంకెతో పోల్చితే వస్తువు గడిపిన జీవితం బయటపడుతుంది. కాస్త తగ్గితే రెండు వందల ఏళ్ళ తోముడుకు అరిగింది. బాగా తగ్గితే ఏ మూతో, పీటమో పోయింది. పెరిగితే తర్వాతెవరో ఏదో అతికారు. ఇక్కడ తూకం ధర కాదు, సాక్ష్యం. కేటలాగులు తూకాన్ని ఈ పాత అంకె పక్కన పెట్టి రాసినప్పుడు నాకు అభ్యంతరమే లేదు.

ఇంకో అభ్యంతరం మన ఇళ్ళ నుంచే వస్తుంది, అది దీనికంటే బరువైనది. వెండి ఆడవాళ్ళ పొదుపు, పిల్ల పెళ్ళికో ఆస్పత్రి ఖర్చుకో ఆదుకునేది. కరిగించుకునే వీలు ఉండబట్టే దానికి ఆ విలువ. మ్యూజియంలో పెట్టుకునే వస్తువు గురించి చెప్పి అవసరంలో ఉన్నవాళ్ళను అడ్డుకోవడం న్యాయమా? కాదు. ఏ కుటుంబమైనా తన వెండిని కరిగించుకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. నా పేచీ కరిగించేవాళ్ళతో కాదు, పనికి సున్నా కట్టే లెక్కతో. పనికి తిరుగు ధర పలికే బజారు ఒకటి ఉంటే, అదే అవసరంలో ఆ ఇల్లాలికి తూకం కంటే ఎక్కువే చేతికొస్తుంది. వేలంపాట చేయగలిగిన మంచి పని ఇదే, మజూరీకి మళ్ళీ ప్రాణం పోయగలగటం. మేటి పనివాళ్ళ వెండికి పెద్ద వేలాల్లో లోహం ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది కాబట్టే ఆ కూజాలు కొలిమికి వెళ్ళవు. మన దగ్గర తీగపనికి, నగిషీకి అలాంటి చోటు దాదాపు లేదు.

మెయిజీ వస్తువులు విదేశీయుల కోసం చేసిన ఎగుమతి సరుకే కదా, అసలైన జపాన్ కళ కాదు కదా అనే మాట కూడా ఉంది. నాసి సరుకు కోకొల్లలుగా వచ్చింది, కాదనను. అయితే కొనేవాడు ఎవరైనా షకుదో నలుపు ఒకే పద్ధతిన దిగుతుంది.

ఈ నలుపు కోసం తెలుగువాళ్ళు జపాన్ దాకా వెళ్ళక్కర్లేదు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న బీదరులో బిద్రీ పని జరుగుతుంది. ఎక్కువ పాలు జింకు, కొద్దిగా రాగి కలిపి పోతపోసి, గాళ్ళు చెక్కి వెండి తీగ, వెండి రేకు కొట్టి పొదుగుతారు. ఆఖరున బీదరు కోటలోని మట్టి, నవాసాగరం కలిపిన నీళ్ళు వేడిచేసి పట్టిస్తే జింకు లోహం కారునలుపు తిరుగుతుంది, వెండి చెక్కుచెదరదు. జపాన్ వాళ్ళ ముల్లంగి, రాగి లవణాలు, మన కోట మట్టి: పదార్థాలు వేరు, ఆలోచన ఒకటే. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాన్లు, జపాన్ వస్తువులు రెండూ ఉన్నాయి. ఒకే పూట రెండూ చూసి రావచ్చు. మన దగ్గర బిద్రీ హుక్కా కుదుళ్ళు ఇన్ని మిగిలాయంటే, జింకును కరిగించి బాగుపడేవాడు లేకపోవటం అందుకు ఒక కారణమని నా నమ్మకం.

వేలానికి ముందు వస్తువులు చూడనిచ్చే రోజున, పాత వెండి తెలిసినవాళ్ళు కూజా పొట్ట మీద నోటి ఆవిరి ఊదుతారు. మసకబారిన వెండిలో, చెరిపేసిన పాత కుటుంబ చిహ్నమో, దాచిన అతుకు గీతో ఒక్క క్షణం తేలుతుంది. పక్కనే ఉన్న షకుదో కూజాను మాత్రం పైకెత్తి, అంచులను, పీటం మూలలను వెలుగుకు పెట్టి తిప్పుతారు. ఏ ఇంట్లోనో ఎవరో మంచి మనసుతోనే, ఇత్తడి తోమినట్టు దాన్ని ఒక్కసారి తోమి ఉంటే అక్కడ నలుపు పోయి రాగి ఎరుపు కనిపిస్తుంది. ఆ పూట తూకం ఒక్క గ్రాము కూడా తగ్గి ఉండదు.